బీథోవెన్ జుట్టులో సీసం ఉందట, నేనూ పరీక్ష చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 44. ఏడాదిగా రెండు చెవుల్లో హోరు. నలుగురు మాట్లాడుతుంటే సరిగా అర్థం కావడం లేదు. సంగీతకారుడు బీథోవెన్‌కి చెవుడు రావడానికీ, ఆయన చనిపోవడానికీ సీసం విషమే కారణమని జుట్టు పరీక్షలో తేలిందని చదివాను. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నేనూ జుట్టు పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: వద్దండీ. మీరు చదివిన కథకు ఆధారమైన జుట్టు బీథోవెన్‌దే కాదు. 2000లో ఒక కురులపాయలో సీసం బాగా ఎక్కువగా ఉందని ప్రకటించారు. 2023లో జన్యు పరీక్ష చేస్తే అది ఎవరో స్త్రీ జుట్టని తేలింది. నిజంగా ఆయనవేనని నిర్ధారణ అయిన వెంట్రుకల్లో హెపటైటిస్-బి వైరస్ ఆనవాళ్లు, కాలేయ జబ్బుకు దారితీసే జన్యు లక్షణాలు కనిపించాయి. ఆయన మద్యం కూడా తాగేవారు. 1827లో వియన్నాలో చనిపోయాక చేసిన శవపరీక్షలోనూ కాలేయం కుంచించుకుపోయి ఉంది.

అయితే సీసం మాట పూర్తిగా అబద్ధమనీ అనలేం. 2024లో ఆయన అసలు వెంట్రుకల్ని పరీక్షించినప్పుడు అందులోనూ సీసం చాలా ఎక్కువగానే ఉంది. వినికిడి మీద దాని ప్రభావం కొంత ఉండొచ్చు గానీ, ఆ మోతాదు ఒక్కటే ప్రాణం తీసేంత కాదని పరిశోధకులే చెప్పారు. చెవుడుకు కచ్చితమైన కారణం జన్యువుల్లోనూ దొరకలేదు. ఇలాంటి కథలు చదివి మీలాంటివారు భయపడటం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

జుట్టుకు బయటి దుమ్ము, రంగు అంటుకుంటాయి కాబట్టి బతికున్న మనిషిలో సీసం తెలుసుకోవడానికి అది నమ్మదగిన పరీక్ష కాదు. బ్యాటరీల తయారీ, లోహం కరిగించడం, పాత పెయింట్ గీకడం లాంటి పనులు చేస్తుంటే రక్తంలో సీసం ఎంతుందో చూపించుకోండి. లేదంటే అదీ అక్కర్లేదు.

మీకు ముందు కావాల్సింది ఈఎన్‌టీ డాక్టర్. గులిమి అడ్డుపడిందేమో చూసి, ఆడియోమెట్రీ (వినికిడి ఎంతుందో కొలిచే పరీక్ష) చేస్తారు. పెద్ద శబ్దాల మధ్య పనిచేశారా, ఏ మందులు వాడుతున్నారు అన్నవి దాచకుండా చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కూడా వినికిడిని దెబ్బతీస్తాయి. నరం బలహీనపడి ఉంటే వినికిడి యంత్రం బాగా ఉపయోగపడుతుంది, హోరు బాధా చాలామందికి తగ్గుతుంది. ఒక చెవి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో వినిపించకుండా పోతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.