తాళంకప్ప ఊరందరికీ ఇవ్వొచ్చా?

ప్రశ్న: కాకినాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తున్నాను. జర్మనీలో ఉంటున్న మా క్లయింట్ ఒకాయన తన ఆస్తి కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మామూలు మెయిల్‌లో పంపనన్నారు. "మీ పబ్లిక్ కీ కీ సర్వర్‌లో పెట్టండి, నేను వెతుక్కుని తీసుకుంటాను" అని రాశారు. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో కీ అయితే తయారుచేశాను గానీ, దాన్ని ఊరూ పేరూ తెలియని సర్వర్‌లో పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. మా సార్ కూడా "కీ ఎవరికీ ఇవ్వొద్దు" అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ సార్ అన్నదాంట్లో సగం నిజం ఉందమ్మా. ఈ గందరగోళమంతా 'కీ' అన్న మాటతోనే వచ్చింది. మీ కంప్యూటర్ తయారుచేసింది ఒక కీ కాదు, రెండు. పబ్లిక్ కీ అంటారే, అది తాళంచెవి కాదు, తాళంకప్ప. నొక్కి మూయడం ఎవరికైనా చేతనవుతుంది. తెరవాలంటే మాత్రం చెవి కావాలి, ఆ చెవి పేరు ప్రైవేట్ కీ. మీ కప్పలు వెయ్యి చేయించి బజార్లో పంచినా మీ ఇంటికి వచ్చే నష్టం లేదు. జర్మనీ ఆయన ఒక కప్ప తీసుకుని, కాగితాలు పెట్టెలో పెట్టి, నొక్కేసి పంపుతారు. ఆ తర్వాత ఆయన కూడా ఆ పెట్టెను తెరవలేరు. "ఎవరికీ ఇవ్వొద్దు" అన్న మీ సార్ మాట చెవి విషయంలో అక్షరాలా నిజం. క్లయింట్‌కీ వద్దు, సర్వర్‌కీ వద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం కూడా వద్దు. దాని కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి, పాస్‌వర్డ్ పెట్టి, సార్ బీరువాలో దాచండి. రేపు మీరు ఉద్యోగం మారినా ఆఫీసు ఉత్తరాలు ఆఫీసు చదువుకోగలగాలి కదా.

ఇక సర్వర్ సంగతి. కీ సర్వర్ అంటే, అందరి పబ్లిక్ కీలూ ఎవరైనా వెతుక్కుని తీసుకునేలా ఉంచే చోటు. మీ భయానికి కారణం లేకపోలేదు, అందుకే కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను.

మెయిళ్ళకు ఇలా తాళం వేసే పీజీపీ అనే ప్రోగ్రామ్‌ను ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేశారు. తర్వాత కొద్ది కాలానికే ఒకరి కప్ప ఇంకొకరికి చేరేదెలా అన్న ప్రశ్న వచ్చింది. అప్పట్లో చాలామందికి ఇంటర్నెట్ అంటే ఈమెయిలే. అందుకని కీ సర్వర్లు కూడా మెయిల్ మీదే నడిచేవి. సర్వర్‌కొక మెయిల్ అడ్రస్ ఉండేది. సబ్జెక్ట్ గడిలో 'యాడ్' అని రాసి, కింద మన పబ్లిక్ కీ అతికించి పంపితే జాబితాలో చేర్చుకునేది. 'గెట్' అని రాసి పక్కన పేరో మెయిల్ అడ్రసో వేస్తే, ఆ మనిషి కీ జవాబుగా వచ్చేది. 'ఇండెక్స్' అంటే జాబితా, 'హెల్ప్' అంటే వాడే పద్ధతి. ఒక సర్వర్‌లో చేరిన కీ మిగతా సర్వర్లకు కూడా మెయిల్‌లోనే వెళ్ళేది. బ్రౌజర్ లేనివాళ్ళు, గంటల లెక్కన డబ్బు కట్టి షెల్ అకౌంట్ (బొమ్మలు లేకుండా టైపు చేసి వాడే ఇంటర్నెట్ ఖాతా) వాడుకునేవాళ్ళు కూడా రెండు నిమిషాలు లైన్ కలిపి పని ముగించుకునేవారు. నా మొదటి కీ నేను అలాగే పంపాను. ఇప్పటికీ అది చాలా గొప్ప ఏర్పాటనే అంటాను. ఎవరి అనుమతీ అక్కర్లేదు, దరఖాస్తు అక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు.

లోపం కూడా అక్కడే ఉంది. పంపింది ఎవరని ఆ సర్వర్ అడిగేది కాదు. మీ పేరుతో, మీ ఆఫీసు మెయిల్ అడ్రస్‌తో నేనొక కీ తయారుచేసి పంపినా చేర్చుకునేది. వెతికినవాళ్ళకు మీ పేరు మీద రెండు కప్పలు కనబడేవి, అందులో ఒకదాని చెవి నా దగ్గర ఉండేది. మెయిల్ పద్ధతి పోయి వెబ్ సర్వర్లు వచ్చాక కూడా ఇదే కథ. 2016లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరు మీదే దొంగ కీ ఒకటి సర్వర్లలో కనబడింది. కీని గుర్తుపట్టే నంబరులో చివరి ఎనిమిది అంకెలూ అక్షరాలూ అసలు కీతో సరిపోయేలా చేశారు. ఆ ఎనిమిదీ చూసి నమ్మే అలవాటు అప్పట్లో చాలామందికి ఉండేది.

రెండో లోపం, ఒకసారి చేరిన కీకి ఏదైనా కలపవచ్చు గానీ అందులోంచి ఏదీ తీసేయడానికి లేదు. 2019 జూన్‌లో ఎవరో దీన్ని ఆసరా చేసుకుని, ఈ రంగంలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఇద్దరి కీల మీద పనికిరాని సంతకాలు ('ఈ కీ ఈయనదే' అని ఇతరులు కీకి జోడించే ముద్రలు) కుప్పపోశారు. ఒక కీకి దాదాపు లక్షన్నర సంతకాలు పడ్డాయి. దాన్ని దించుకున్నవాళ్ళ ప్రోగ్రామ్ కదలకుండా బిగుసుకుపోయేది.

అదే నెలలో కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ అనే కొత్త కీ సర్వర్ మొదలైంది. మీరు వాడాల్సింది ఇదే. ఇక్కడ మీరు కీ పెట్టగానే మీ పేరు బయటికి రాదు. మీ మెయిల్‌కు ఒక లింకు వస్తుంది. దాన్ని నొక్కితేనే ఆ అడ్రస్‌తో వెతికేవాళ్ళకు మీ కీ దొరుకుతుంది. మెయిల్ అడ్రస్ మొత్తం తెలిసినవాళ్ళకే తప్ప, ఊరికే పేరు కొట్టి చూసేవాళ్ళకు దొరకదు. వద్దనుకుంటే మళ్ళీ మెయిల్ ద్వారానే మీ అడ్రస్‌ను తీయించుకోవచ్చు. ఇతరుల సంతకాలు అక్కడ పంచిపెట్టరు కాబట్టి పైన చెప్పిన కుప్పపోత కుదరదు.

పెట్టేముందు ఒక్క పని చేయండి. థండర్‌బర్డ్‌లో ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్ తెరిచి పబ్లిక్ కీని ఫైలుగా తీస్తారు కదా, ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరుసలో గీతల మధ్య 'పబ్లిక్ కీ బ్లాక్' అని ఉండాలి. 'ప్రైవేట్' అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగిపోండి, మీరు చెవిని తీసి చేతిలో పట్టుకున్నట్టు. రెండు ఎంపికలూ ఒకే మెనూలో ఉంటాయి, పని ఒత్తిడిలో చెయ్యి ఒకదానికి బదులు ఇంకోదాని మీద పడుతుంది. నా దగ్గరికి సాయం కోసం వచ్చినవాళ్ళలో ఇద్దరికి సరిగ్గా ఇలాగే జరిగింది.

అయినా సర్వర్ పని సగమే. ఆ లింకు నొక్కినవాళ్ళు మీ మెయిల్ తెరవగలిగినవాళ్ళు అని మాత్రమే దానికి తెలుసు. మీ పాస్‌వర్డ్ ఎవరి చేతికైనా చిక్కి ఉంటే వాళ్ళు కూడా నొక్కగలరు. కాబట్టి కీ పెట్టాక జర్మనీకి ఫోన్ చేయండి. మెయిల్ కింద ఉన్న నంబరుకు కాదు, మీ ఫైల్లో ముందునుంచీ ఉన్న నంబరుకు. కీ వివరాల్లో ఫింగర్‌ప్రింట్ అని నలభై అంకెలూ అక్షరాలూ, నాలుగేసి చొప్పున పది గుంపులుగా ఉంటుంది. మీరు మీ స్క్రీన్ చూసి చదవండి, ఆయన తన స్క్రీన్ మీద సరిచూసుకుంటారు. ఫోన్‌లో బి, డి, ఇ ఒకేలా వినబడతాయి. మొహమాటపడకుండా "బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ" అంటూ చదవండి. తర్వాత ఆయనది ఆయన చదువుతారు, మీరు చూసుకోండి. మీరు జవాబు రాయాలంటే ఆయన కప్ప మీకూ కావాలి కదా. మూడు నిమిషాల పని. దయచేసి దీన్ని మాత్రం వదిలేయొద్దు. నేను చూసినంతవరకూ, ఇంత కష్టపడి కీలు తయారుచేసుకున్నవాళ్ళు కూడా ఈ ఫోన్ దగ్గరే బద్ధకిస్తారు.

థండర్‌బర్డ్ మామూలుగా కీకి మూడేళ్ళ గడువు పెడుతుంది. అది దాటేలోపు పొడిగించి, పబ్లిక్ కీని మళ్ళీ సర్వర్‌లో పెట్టండి.

ప్రశ్న: చదువుకునే రోజుల్లో, 2000 ప్రాంతంలో, సరదాగా ఒక పీజీపీ కీ చేసి సర్వర్‌లో పెట్టాను. దాని పాస్‌వర్డ్ మర్చిపోయాను, ఆ కంప్యూటర్ కూడా లేదు. పాత సర్వర్లలో ఇప్పటికీ నా పేరు కనిపిస్తోంది. తీయించడం ఎలా? - ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ప్రైవేట్ కీ గానీ, రద్దుపత్రం ('ఈ కీ ఇక చెల్లదు' అని చెప్పడానికి ముందే చేసి ఉంచుకునేది) గానీ లేకపోతే ఆ కీని రద్దు చేసే దారి లేదండీ. పాత సర్వర్లన్నిటికీ ఉమ్మడి చిరునామాగా పనిచేసిన ఎస్‌కేఎస్ పూల్ 2021 జూన్‌లో ఆగిపోయింది గానీ, విడిగా నడుస్తున్న సర్వర్లు కొన్ని ఉన్నాయి. నడిపేవాళ్ళకు రాసి చూడొచ్చు. అంతకంటే ముందు కొత్త కీ చేసి, "పాతదానికి పంపొద్దు" అని మీకు తెలిసినవాళ్ళకు చెప్పండి.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని ఎందుకంటున్నానో చెబుతాను. 1998లో మెయిల్‌లో 'యాడ్' అని పంపిన నా కీ ఉందే, దాని చెవి ఉన్న హార్డ్ డిస్కు 2001లో చెడిపోయింది. కాపీ లేదు. రద్దుపత్రం చేసుకోవాలని అప్పుడు నాకు తెలియదు. 2003లో హాస్టల్ రోజుల నాటి మా సీనియర్ ఒకాయన నుంచి మెయిల్ వచ్చింది. తెరిస్తే స్క్రీన్ నిండా అర్థంలేని అక్షరాలు, పైన 'బిగిన్ పీజీపీ మెసేజ్'. సర్వర్‌లో నా కీ వెతికి, దానితో మూసి పంపారు. నేను ఊళ్ళో లేక ఆ మెయిల్ చూసేసరికే వారం గడిచింది. తెరవలేకపోయానని, మళ్ళీ పంపమని రాశాను. "ఉద్యోగం వదలాలా వద్దా అని నిన్ను అడుగుదామనుకున్నానురా, మొన్ననే రాజీనామా ఇచ్చేశాను" అని జవాబు వచ్చింది. నా మౌనాన్ని ఆయన ఎలా తీసుకున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కొత్త కీ చేసిన రోజే రద్దుపత్రం కూడా తీసుకోండి. పీజీపీ కీలు తయారుచేసే గ్నూపీజీ అనే ప్రోగ్రామ్ వాడితే, 2.1 వెర్షన్ నుంచి అది తనంతట తానే ఒకటి చేసి ఫోల్డర్లో పెడుతోంది. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి ఇంటి పత్రాలతో పాటు ఉంచండి. ప్రైవేట్ కీ పోయినా ఆ కాగితంలో ఉన్నది కొట్టి పంపితే కీ రద్దవుతుంది. అయితే ఆ కాగితం ఎవరికి దొరికినా వాళ్ళు కూడా మీ కీని రద్దు చేయగలరు, జాగ్రత్త.

ప్రశ్న: వాట్సాప్‌లో అన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తాయంటున్నారు. అక్కడ కీ సర్వర్ గొడవే లేదు కదా? - ఒక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: ఉందమ్మా, కనబడదంతే. అవతలివాళ్ళ పబ్లిక్ కీ మీ ఫోన్‌కు అందించేది ఆ కంపెనీ సర్వరే. అది సరైన కీయేనా అని చూసుకునే వీలు కూడా ఇచ్చారు. మీ అమ్మగారి చాట్ తెరిచి, పైన పేరు మీద నొక్కి, 'ఎన్‌క్రిప్షన్' అన్నచోటికి వెళ్ళండి. అరవై అంకెల కోడ్, దాంతోపాటు ఒక క్యూఆర్ కనిపిస్తాయి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి స్కాన్ చేయండి.