తేనెపెట్టెల్లో నల్లి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఫ్రేములు (పట్టు కట్టే చట్రాలు) ఎత్తి చూస్తే ఈగల మీద వరోవా నల్లి (తేనెటీగలను పీడించే చిన్న పరాన్నజీవి) అరుదుగా కనిపిస్తోంది. అయినా పెట్టె ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పాకుతున్నాయి. ఇది నల్లి పనేనా?

జవాబు: దాదాపుగా అంతే. ఆ రెక్కలు నల్లి అంటించే వైరస్‌కు గుర్తు. పెట్టెలో పిల్ల (గదుల్లో పెరిగే గుడ్లు, పురుగులు, ప్యూపాలు) ఉన్నంతకాలం నల్లుల్లో ఎక్కువ భాగం మైనపు మూతపడిన గదుల్లోనే ఉంటుంది. బయట ఉన్నవీ ఈగ పొట్ట కింద పొరల సందున నక్కుతాయి. కాబట్టి కంటిని నమ్మకుండా కడిగి లెక్కపెట్టండి.

పిల్ల ఉన్న ఫ్రేము తీసి, దానిమీద రాణి లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అర కప్పు ఈగలు, అంటే సుమారు 300, స్పిరిట్ పోసిన సీసాలోకి దులపండి. మూత బిగించి ఒక నిమిషం ఊపి, జల్లెడలో వడగడితే నల్లులు కిందికి దిగుతాయి. తొమ్మిది వస్తే 3 శాతం. అంతకొస్తే మందుకు ఆలస్యం చేయకూడదు. ఆ 300 ఈగలు చనిపోతాయని వెనకాడేవారున్నారు. రాణి ఊపు మీదుంటే ఒక్క రోజులో అంతకు మించి గుడ్లు పెడుతుంది.

ప్రశ్న: ఆక్సాలిక్ ఆమ్లం పోశాం. నెల తిరక్కుండానే నల్లి మళ్లీ పెరిగింది. మందులో కల్తీనా?

జవాబు: మందును అనుమానించే ముందు పోసిన రోజున పెట్టెలో మూతపడిన పిల్ల ఎంత ఉందో గుర్తు చేసుకోండి. ఈ ఆమ్లం మైనపు మూత దాటి లోపలికి పోదు. ఈగల మీదున్న నల్లులు చచ్చాయి, గదుల్లోవి కొత్త ఈగతో పాటు బయటికొచ్చాయి.

పిల్ల లేని సమయంలో పోయాలి. అలాంటి సమయం దొరకకపోతే గుడ్లు పెట్టకుండా రాణిని 24 రోజులు పంజరంలో ఉంచండి. కూలి ఈగ 21 రోజుల్లో, పోతు ఈగ 24 రోజుల్లో బయటికొస్తాయి గనుక అప్పటికి గదులన్నీ ఖాళీ అవుతాయి. రాణిని వదిలాక వారంలోపు, కొత్త పిల్లకు మూతలు పడకముందే మందు పోసేయాలి.

పాళ్లు: 600 గ్రాముల పంచదార, 600 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు కలిపితే సుమారు లీటరు పాకం. అందులో 35 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్ పలుకులు కరిగించండి. ఈగలున్న ప్రతి ఫ్రేము సందులో 5 మిల్లీలీటర్లు సిరంజితో పోయాలి. పెట్టె మొత్తానికి 50 మించకూడదు. ఈగలు దీన్ని కొంత మింగుతాయి, అందుకే మళ్లీ మళ్లీ పోస్తే వాటికే ముప్పు. పాకం నిల్వ ఉంచితే ఈగలకు హాని చేసే పదార్థం తయారవుతుంది, ఏ రోజుకారోజే కలుపుకోండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. తేనె సూపర్లు (తేనె నిల్వ చేసే పై అరలు) ముందే దించేయండి.

ప్రశ్న: మందు లేకుండా పోతు పిల్ల కోసేస్తే సరిపోతుందా?

జవాబు: ఒక్కదానితో సరిపోదు, తోడుగా బాగా పనికొస్తుంది. కూలి గదులకన్నా పోతు గదులంటేనే నల్లికి ఇష్టం. మూత ఎక్కువ రోజులు ఉండటంతో అక్కడ సంతానమూ ఎక్కువ. పోతు గదుల ఫ్రేము పెట్టి, మూతలు పడగానే తీసి పారేయండి. పనుల్లో పడి తీయడం మరిచి పోతులు బయటికొచ్చాయా, నల్లిని మీరే పెంచినట్టు.