గాలం కబుర్లు: చల్లటి నీళ్ళు, ఫ్లోట్ ట్యూబ్, ఏ చేపైనా సరే

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే బెంగళూరు నుంచి ఆన్‌సైట్ వెళ్ళేవాళ్ళు ఎక్కువ, వెళ్ళిన చోట లేక్ కనిపిస్తే మనవాళ్ళ చేతులు ఊరుకోవు. అందుకని వలల గురించి, ఎరల గురించి వచ్చిన మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి ఇవి తీసుకున్నాను.

ప్రశ్న: నేను మారతహళ్ళిలో ఉంటాను. మార్చి మొదటి వారంలో ఆఫీస్ పని మీద సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌కి వెళ్తున్నా. టీమ్‌లో ఒకాయన లేక్‌లో ఫ్లోట్ ట్యూబ్ మీద ఫిషింగ్‌కి రమ్మంటున్నాడు, ఫలానా చేపే అని కాదట, ఏది తగిలితే అది. చిన్నప్పుడు నెల్లూరు దగ్గర మా ఊరి చెరువులో కొర్రమీను పట్టేవాణ్ణి కాబట్టి గాలం కొత్త కాదు. కానీ ఈ ట్యూబ్ ఏంటి, అంత చలిలో అసలు చేప పడుతుందా?

జవాబు: మన చెరువుల్లో వల కట్టేవాళ్ళు ట్రాక్టర్ ట్యూబ్‌కి గాలి కొట్టి దాని మీద చెక్కో గోనెసంచో కట్టుకుని వెళ్తుంటారు చూశారుగా, ఫ్లోట్ ట్యూబ్ కూడా అలాంటిదే అండీ. కాకపోతే యూ ఆకారంలో ఉంటుంది, గాలి అరలు విడివిడిగా ఉంటాయి, కూర్చోడానికి సీటు, వీపుకి ఆనుకునే దిండు ఉంటాయి. తెడ్లు అక్కర్లేదు. కాళ్ళు నీళ్ళలోకి వేలాడుతుంటాయి, పాదాలకి ఫిన్స్, అంటే బాతు కాళ్ళలాంటి రబ్బరు రెక్కలు తొడుక్కుని తన్నుకుంటూ వెనక్కి పోవడమే. అవును, వెనక్కే. ఒడ్డున ఫిన్స్ తొడుక్కున్నాక నీళ్ళలోకి కూడా వెనక్కే నడవాలి, ముందుకి అడుగేస్తే ఫిన్ మడతపడి బోర్లా పడతారు. రెండు చేతులూ గాలానికి ఖాళీగా ఉంటాయి, మోటార్ చప్పుడు ఉండదు, చేప పక్కనే ఉన్నా బెదరదు, ఇదీ దాని గొప్ప.

ఇక పడుతుందా అంటే, పడుతుంది. కాకపోతే మీరు ఎండని నమ్మకూడదు, నీళ్ళని నమ్మాలి. ఫోన్‌లో 16 డిగ్రీలు, బయట కమ్మటి ఎండ, అయినా మార్చి నెలలో ఆ లేకుల నీళ్ళు 7, 8 డిగ్రీల చుట్టూనే ఉంటాయి. చేప ఒళ్ళు నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంత చల్లగా ఉంటుంది, తిన్నది అరగడం కూడా ఆలస్యం, అందుకే ఎర వెంట పరిగెత్తదు, ముక్కు ముందుకి వస్తేనే నోరు తెరుస్తుంది. మన కొర్రమీను కప్ప బొమ్మ మీదకి ఎగిరి దూకినట్టు అక్కడ ఏదీ దూకదు, ఆ అలవాటుతో చకచకా లాగితే సాయంత్రం దాకా ఖాళీ చేతులే.

ఒక్కో చేపకి ఒక్కో వేడి. ఎల్లో పెర్చ్ అనే పచ్చ చారల చేప 7 నుంచి 12 డిగ్రీల మధ్యే గుడ్లు పెడుతుంది, అంటే మీరు వెళ్ళేసరికి అది ఒడ్డు వైపు కదిలే టైమ్. రెయిన్‌బో ట్రౌట్‌కి 10 దాటితే హుషారు, 7 దగ్గర కూడా మెల్లిగా తింటుంది. బాస్ రకాలు 10 దాటాకే ఒడ్డుకి చేరడం మొదలెడతాయి, గుడ్లు 15, 16 వచ్చాకే. క్రాపీ కూడా దాదాపు అంతే. అందుకని ఏది తగిలితే అది అని బయల్దేరినా, మార్చి మొదట్లో పెర్చ్, ట్రౌట్ వస్తాయి, ఏప్రిల్ నడిచేకొద్దీ బాస్, క్రాపీ వచ్చి చేరతాయి. పది రూపాయల తాడుకి ఒక థర్మామీటర్ కట్టుకుని తీసుకెళ్ళండి, వేల రూపాయల ఫిష్ ఫైండర్ కంటే ఈ సీజన్‌లో అదే ఎక్కువ పని చేస్తుంది, ఇది నేను గట్టిగా చెప్తాను.

ఎక్కడ వెతకాలి? అక్కడ సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి లేక్‌కి ఉత్తరపు ఒడ్డున ఎక్కువ ఎండ పడుతుంది. అందులోనూ నల్ల బురద నేల, లోతు ఒక మీటరో రెండు మీటర్లో, కిందటేడాది ఎండిపోయిన రెల్లు, గాలి తగలని మూల, ఇవన్నీ కలిసిన చోటు దొరికితే మిగతా లేక్ కన్నా అక్కడ ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది, చేపలకి ఆ రెండు డిగ్రీలే పండగ. పొద్దున్నే లేచి పరిగెత్తక్కర్లేదు, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మంచి టైమ్. మన దగ్గర దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది లెండి.

సామాను ఎక్కువ పెట్టుకోవద్దు. 1/16 ఔన్స్ చిన్న జిగ్, అంటే తలకి బరువు గుండు ఉన్న కొక్కెం, రెండు గ్రాములు కూడా ఉండదు, దాన్ని సన్నటి బెండు కింద వేలాడదీసి 4 నుంచి 6 పౌండ్ల బరువు ఆపే దారంతో వేయండి, పెర్చ్, ట్రౌట్, క్రాపీ, చిన్న బాస్ అన్నీ దానికే వస్తాయి. వేసి వదిలేయండి, అలలు ఊపే ఊపు చాలు. ఒక సంగతి మాత్రం కళ్ళు పెట్టి చూడాలి. చల్లటి నీళ్ళలో చాలాసార్లు బెండు బుడుంగుమని మునగదు. చేప కింద నుంచి వచ్చి జిగ్‌ని నోట్లో పెట్టుకుని కాస్త పైకి లేస్తుంది, అప్పుడు బరువు పోయి నిటారుగా ఉన్న బెండు మెల్లిగా పక్కకి పడుకుంటుంది. కొత్తవాళ్ళు దారం చిక్కుపడిందేమో అనుకుంటారు. అది చేపే, చేయి మెల్లిగా ఎత్తండి, ఝాడించకండి.

అది పని చేయకపోతే జలగలా ఉండే నల్లటి ఈకల ఎర ఒకటి వెనకాల వదిలి, ఫిన్స్‌తో నెమ్మదిగా తన్నుకుంటూ పోండి. మనిషి కాలి వేగం ఆ చలికి సరిగ్గా సరిపోతుంది, మోటార్ పడవ ఎంత తగ్గించినా అంత మెల్లిగా పోదు.

లైసెన్స్ సంగతి మర్చిపోవద్దు. వాషింగ్టన్ రాష్ట్రంలో 15 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ ఉండాలి, సంవత్సరం లెక్క ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. మార్చిలో ఏడాది లైసెన్స్ కొంటే ఆ నెలాఖరుకే అయిపోతుంది, కాబట్టి మార్చికి ఒకటి రెండు రోజుల లైసెన్స్ తీసుకుని ఏప్రిల్‌లో పూర్తిది తీసుకోండి. అన్ని లేకులూ ఏడాదంతా తెరిచి ఉండవు, కొన్ని ట్రౌట్ లేకులు ఏప్రిల్ నాలుగో శనివారమే తెరుస్తారు. కొన్నిట్లో ముల్లు లేని ఒంటి కొక్కెమే వాడాలి, ఎర పెట్టకూడదు. రెడ్‌మండ్ పక్కనే ఉన్న సమామిష్ లేక్‌లో కొకనీ అనే చిన్న సాల్మన్ పడితే వదిలేయాలి. ఆ లేక్ పెద్దది, స్పీడ్ బోట్లు తిరుగుతాయి, మొదటిసారి ట్యూబ్ ఎక్కేవాళ్ళకి చిన్న లేకే మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి అక్కడ ఇలాగే చలి నీళ్ళలో ట్యూబ్ మీద వెళ్తున్నాడు. ఫోటో పంపాడు, ఛాతీ దాకా రబ్బరు ప్యాంటు. ఆ ప్యాంట్లోకి నీళ్ళు పోతే మనిషిని కిందకి లాగేస్తుందని ఎవరో చెప్పారు, అప్పట్నుంచి నిద్ర లేదు. — ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: అమ్మా, ఆ ప్యాంట్‌ని వేడర్స్ అంటారు. అందులోకి చేరిన నీళ్ళు బయటి నీళ్ళంత బరువే కాబట్టి నీళ్ళలో ఉన్నంతసేపూ అవి కిందకి లాగవు. కష్టం ఒడ్డు ఎక్కేటప్పుడు, అప్పుడు కాళ్ళు బండల్లా ఉంటాయి. నడుముకి బెల్ట్ బిగించి కట్టుకుంటే నీళ్ళు చాలావరకు లోపలికి పోవు, ఆ బెల్ట్ లేకుండా దిగొద్దని చెప్పండి.

అసలు భయపడాల్సింది చలికి. 15 డిగ్రీల లోపు నీళ్ళలో హఠాత్తుగా పడితే మనిషికి తెలియకుండానే గుక్క తిప్పుకోలేనంతగా ఎగశ్వాస వస్తుంది, ఆ గుక్కలో నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే ప్రమాదం. చల్లటి నీళ్ళ మీద పరిశోధన చేసిన గార్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆయన దీన్ని 1-10-1 అని గుర్తుపెట్టుకోమంటారు: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్ళు పని చేసేది సుమారు 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. అంటే మొదటి నిమిషంలో తల నీళ్ళ పైన ఉంటే బతికే దారి ఉంది, తలని పైన ఉంచేది లైఫ్ జాకెట్. ట్యూబ్ ఎలాగూ తేలుతుంది కదా అని జాకెట్‌ని సీటు వెనక తగిలించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీవాడికి మీరు ఒక్కటే అడగండి, నీళ్ళలో ఉన్నప్పుడు తీసుకున్న ఫోటో పంపమనండి, ఒంటి మీద జాకెట్ కనపడాలి, ఫ్రేమ్‌లో ఇంకో మనిషి కూడా కనపడాలి. ఒంటరిగా వెళ్ళకూడదు. వేడర్స్ లోపల కాటన్ వద్దు, తడిస్తే ఇంకా చలి, ఉన్ని గానీ ఫ్లీస్ గానీ వేసుకోమనండి. కాలి వేళ్ళు మొద్దుబారితే చేపలు ఎంత బాగా పడుతున్నా ఒడ్డుకి వచ్చేయాలి. గాలి లేస్తున్నప్పుడు కూడా అంతే, ట్యూబ్‌ని గాలి ఇట్టే తోసుకుపోతుంది, అందుకే మొదట గాలికి ఎదురు వెళ్ళి, అలిసిపోయాక గాలితో పాటు వెనక్కి వచ్చేలా చూసుకోవాలి.

ప్రశ్న: అన్నా, నేను అమెరికా నుంచి ట్యూబ్ తెచ్చుకున్నా. హొసకోటె చెరువులో గానీ సిటీలో ఏదైనా చెరువులో గానీ దిగొచ్చా? ఫిబ్రవరి, మార్చిలో మనకీ వసంతమే కదా.

జవాబు: తమ్ముడూ, పంచాంగంలో వసంతం ఒకటే కావచ్చు, నీళ్ళలో కాదు. మన చెరువులు ఇప్పుడు 20 డిగ్రీల పైనే ఉంటాయి, ఇంకా వేడెక్కుతున్నాయి, నీళ్ళు తగ్గుతున్నాయి. అక్కడ చేప వేడి కోసం వెతుకుతుంటే ఇక్కడ ఆక్సిజన్ కోసం వెతుకుతుంది. పచ్చగా నాచు పట్టిన చెరువులో పగలు ఆ నాచే ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే తాగేస్తుంది, తెల్లారకముందు బొత్తిగా అడుగంటుతుంది. 2016 మార్చిలో హలసూరు చెరువులో చచ్చి తేలిన చేపలు గుర్తున్నాయా, అప్పుడు ఆక్సిజన్ పడిపోవడం వల్లే అన్నారు. తెల్లారుజామున బొచ్చె, శీలావతి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి మింగుతుంటే అది ఆకలి కాదు, ఊపిరాడక. ఆ చెరువులో ఆ రోజు గాలం వేయకు. కొర్రమీను మాత్రం నేరుగా గాలి పీల్చుకోగలదు కాబట్టి దానికి ఇబ్బంది ఉండదు.

సిటీ చెరువుల్లో ట్యూబ్ మీద దిగడం నాకు ఇష్టం లేదు, ఖచ్చితంగా చెప్తున్నా. 2017, 2018లో బెళ్ళందూరు చెరువు మంటలు మనమంతా చూశాం, అంత కాకపోయినా చాలా చెరువుల్లోకి మురుగు వస్తూనే ఉంది. ఒడ్డున నిలబడి గాలం వేయడం వేరు, నడుము దాకా ఆ నీళ్ళలో మూడు నాలుగు గంటలు ఉండటం వేరు. కాలి మీద చిన్న గీరుడున్నా ఎలుక జ్వరం లాంటివి అంటుకోవచ్చు. కోలార్ వైపు చెరువులు వేసవిలో నిండుగా కనిపిస్తున్నాయని ఆశపడతారు, 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీళ్ళని అక్కడికి పంపుతున్నారు, ఆ నీళ్ళలోకీ దిగొద్దు.

శుభ్రమైన ఊరి చెరువు దొరికిందే అనుకో, ముందు చేపల హక్కు ఎవరిదో కనుక్కో. చాలా చెరువులు లీజుకి ఇచ్చి ఉంటాయి, చేప పిల్లల్ని వదిలి పెంచుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళని అడగకుండా దిగితే అది దొంగతనమే. వాళ్ళతో మాట్లాడితే నీకే లాభం, వల ఎక్కడ కట్టారో వాళ్ళే చెప్తారు. కంటికి కనపడని గిల్‌నెట్‌లో ఫిన్ ఇరుక్కుంటే తన్నినకొద్దీ చుట్టుకుంటుంది, జాకెట్‌కి చిన్న కత్తి తగిలించుకోవడం అందుకే. నీళ్ళలో మునిగిన తుమ్మ మోడులు ఉంటాయి, వాటి ముల్లు ట్యూబ్‌లోకి దిగితే అంతే. మన చెరువులకి కట్ట వైపు లోతు, తూము అక్కడే ఉంటుంది, తూము దగ్గరికీ అలుగు దగ్గరికీ పోవద్దు. గుర్రపు డెక్క గాలికి జరుగుతూ ఉంటుంది, నువ్వు వచ్చిన దారి గంటలో మూసేస్తుంది, కాళ్ళతో తన్ని దాన్ని దాటలేవు. మంచనబెలె లాంటి రిజర్వాయర్ల వైపు అసలు చూడకు, అక్కడ మునిగిపోయినవాళ్ళ వార్తలు చదువుతూనే ఉన్నాం. ఏప్రిల్ వస్తే సాయంత్రం ఉరుములతో వానలు, మొదటి ఉరుము వినపడగానే ఒడ్డుకి.

ఇవన్నీ దాటాక కూడా మిగిలిన చెరువులో ట్యూబ్ బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఒడ్డు నుంచి అందని తామరాకుల అంచు, రెల్లు గుబుర్ల వెనక వైపు, అక్కడ కొర్రమీను ఉంటుంది, మైదా ముద్దకి, వానపాముకి తిలాపియా, బంగారుతీగ, జెల్ల ఏదైనా రావచ్చు. తిలాపియా ఎంత పట్టుకున్నా చెరువుకి మేలే. నీళ్ళ పైన ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు ఉడుకుతున్నట్టు కదులుతుంటే మాత్రం ఆ చుట్టుపక్కల గాలం వేయొద్దు, తల్లీతండ్రీ రెండూ కాపలా కాస్తుంటాయి, వాటిని తీసేస్తే ఆ గుంపు మొత్తం మిగతా చేపల పాలే.

ప్రశ్న: ఇంట్లో గట్టిగా గాలి కొట్టిన ట్యూబ్ నీళ్ళలోకి దిగాక మెత్తబడుతోంది. చిల్లు కనపడలేదు. — ఒక పాఠకుడు, యలహంక

జవాబు: చిల్లు అక్కర్లేదు, చలికి గాలి ముడుచుకుంటుంది. 30 డిగ్రీల్లో కొట్టిన గాలి 8 డిగ్రీల నీళ్ళకి చేరితే సుమారు 7 శాతం తగ్గుతుంది. మన చెరువుల్లో అంత తేడా రాదు కానీ కొంత వస్తుంది. చిన్న చేతి పంపు వెంట ఉంచుకుని, నీళ్ళ అంచున పది నిమిషాలు ట్యూబ్‌ని ఆననిచ్చి మళ్ళీ కాస్త కొట్టండి. తిరిగొచ్చాక ఎండలో గట్టిగా ఉన్న ట్యూబ్‌ని అలాగే వదిలేయకండి, గాలి పెరిగి కుట్లు ఊడతాయి, ఒడ్డెక్కగానే కొంచెం గాలి వదలాలి. అప్పటికీ మెత్తబడుతుంటే సబ్బు నీళ్ళు వాల్వ్ దగ్గర రాసి చూడండి, లీకులు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

ప్రశ్న: అక్కడ కొన్న ట్యూబ్ విమానంలో తేవచ్చా?

జవాబు: గాలి తీసేస్తే చాలా రకాలు 6 నుంచి 8 కిలోల్లోపే, 23 కిలోల సూట్‌కేస్‌లో పట్టేస్తుంది, కొక్కేలు కూడా అందులోనే పెట్టండి, చేతి సంచీలో వద్దు. సర్దే ముందు ట్యూబ్, వేడర్స్, ఫిన్స్ కడిగి పూర్తిగా ఆరబెట్టండి, కుట్ల మధ్య తడి ఉంటే అక్కడి నాచు, నత్త పిల్లలు మన చెరువుకి వచ్చి చేరతాయి.