సోల్ రికార్డులు: ఏవి కొనాలి, ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: నాన్నగారి రికార్డ్ ప్లేయర్ బాగు చేయించాను. అమెరికా నల్లజాతి గాయకుల సోల్ సంగీతం పాత ఎల్పీలు (పెద్ద రికార్డులు) కొనాలనుంది. వేటితో మొదలుపెట్టాలి? మన ఎండలకు వంగిపోతాయంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు ఓటిస్ రెడ్డింగ్ ‘ఓటిస్ బ్లూ’ (1965), తర్వాత మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ (1971). ఈ రెండోదాంట్లో ఒక పాట ఇంకో పాటలోకి జారిపోతుంటుంది. గీతలున్న కాపీ కొంటే ఆ సుఖం పోయినట్టే. స్టీవీ వండర్ ‘సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్’ (1976) పాతది దొరికితే, డబ్బులిచ్చే ముందు కవర్లో చెయ్యి పెట్టి చూడండి. రెండు ఎల్పీలతోపాటు నాలుగు పాటల ఏడంగుళాల రికార్డు, పాటల పుస్తకం ఉండాలి. ముందు మాయమయ్యేది ఆ చిన్నదే!

రికార్డును ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. గోరుకు తగిలే గీత ఉంటే టక్‌టక్ ఖాయం.

వంగడం నిజమే. మే నెలలో కారులో వదిలితే ఒక్క మధ్యాహ్నం చాలు. ఎండ తగలని గదిలో నిలువుగా పెట్టండి, ఒరగనివ్వకండి. డిస్టిల్డ్ వాటర్‌తోనే తుడవండి. బోరు నీళ్లయితే ఆరాక గాడుల్లో ఉప్పు మిగిలి చిటపటలాడుతుంది.