గుడి కంటే ముందు చెరువు కట్ట మీదికి వెళ్లు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

రామప్ప గుడి పరిసరాల పరిరక్షణ ప్రణాళిక రాసే బృందంలో చేరానని, పనిని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. పాత కట్టడాల మరమ్మతులోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ని కనుక నాకు తోచింది రాస్తున్నాను. గుడి కొలతల జోలికి పోకముందే గుడి ఉన్న పాలంపేట ఊరి పెద్దలతో కలిసి చెరువు కట్ట మీద ఒకసారి పూర్తిగా నడిచి రా.

కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 13వ శతాబ్దంలో ఈ గుడిని కట్టించాడు. కాకతీయుల నాటి ఆ చెరువు కింద నేటికీ వరి పండుతోంది. 2021 జులైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, నల్లరాతి శిల్పాలనూ తేలికపాటి ఇటుకల శిఖరాన్నీ మాత్రమే కాక, అడవి అంచున, పొలాల నడుమ, చెరువుకు దగ్గరగా గుడి అమరిన తీరును కూడా ప్రత్యేకంగా గుర్తించింది. కాబట్టి ఆ మడి దున్నే రైతూ, తూము దగ్గర నీళ్ల వంతులు చూసే మనిషీ నువ్వు కాపాడవలసిన దానిలో భాగమే. ఆ పొలాలు ప్లాట్లుగా మారిన నాడు, గుడిలో ఒక్క రాయి కదలకపోయినా, మనం సగం పోగొట్టుకున్నట్టే. ఇసుక నింపిన పునాది మీద నిలిచిన కట్టడం కనుక, వాన నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోయేదో, ఏ కాలువ ఎప్పుడు పూడిందో తెలుసుకోవడం చాలా ముఖ్యం. ఆ సంగతి మ్యాపుల కంటే ఊళ్లోని ముసలివాళ్లు బాగా చెప్పగలరు.

ఇక ఊరివారికి ఉన్న అసలు భయం ఇళ్ల గురించి. 1958 నాటి పురావస్తు కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టుకోవాలి. అయితే ఆ 100 మీటర్ల లోపల కూడా, 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటిని, లేదా ఆ తరువాత అనుమతితో కట్టిన ఇంటిని, అనుమతి తీసుకొని బాగుచేసుకోవచ్చన్న మాట చాలామందికి ఎవరూ చెప్పరు. కురుస్తున్న కప్పును మార్చుకోవడానికి కూడా వీల్లేదనుకునే ఇల్లాలికి ఆ గుడి మీద ప్రేమ ఎలా నిలుస్తుంది? కనుక నీ మొదటి పత్రం ప్రణాళిక ముసాయిదా కాకూడదు. ఏ పనికి అనుమతి కావాలో, ఎవరికి దరఖాస్తు చేయాలో, ఏ కాగితాలు జతచేయాలో తేలిక తెలుగులో రాసిన రెండు పేజీలు కావాలి. మొదటి పది దరఖాస్తులు నువ్వే దగ్గరుండి నింపించు.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఒక చోట నాట్ల కాలంలో, పొద్దున పదకొండు గంటలకు, పంచాయతీ కార్యాలయంలో సమావేశం పెట్టాము. ఆడవాళ్లు ఒక్కరూ రాలేదు, వచ్చినవారు తలలూపి వెళ్లారు, మేము అంగీకారం కుదిరిందని రాసుకున్నాము. మేము వాహనాలు నిలపడానికి చూపిన స్థలం ఊరంతా వడ్లు ఆరబోసుకునే కల్లమని, రాళ్లు పాతేటప్పుడు గాని తెలియలేదు. ఆ తరువాత రెండేళ్లు ఆ ఊరు మాతో మనసు విప్పి మాట్లాడలేదు, అది న్యాయమే. అందుచేత నువ్వు నాట్లు, కోతలు లేని రోజుల్లో, పొద్దుగూకాక, వాడవాడకూ విడిగా కూర్చో. బతుకమ్మలను ఎక్కడ వదులుతారో, శివరాత్రి జాతరకు బండ్లు ఎక్కడ విప్పుతారో, పొలాల్లోని చిన్న శిథిలాలయాల దగ్గర ఎవరు దీపం పెడతారో అడిగి, ఆ చోట్లన్నీ వారి చేతనే పటం మీద గుర్తు పెట్టించు.

పనివాళ్ల విషయంలో ఒక్క మాట. డంగు సున్నం (గానుగలో రుబ్బిన సున్నపు గార) పని తెలిసిన చేతులు ఆ చుట్టుపక్కల ఉంటే వెతికి పట్టుకో, లేకపోతే ఊరి యువకులకు కూలి ఇస్తూనే నేర్పించే ఏర్పాటును అంచనా పత్రంలోనే చేర్చు. శిక్షణను తరువాత చూద్దామని వదిలేసిన చోట అది జరగడం నేను చూడలేదు.

గ్రామసభలో ఒప్పుకున్నవీ, ఒప్పుకోనివీ రెండూ ఆ రాత్రే రాసి, మర్నాడు పంచాయతీ గోడకు అంటించు. ఒప్పుకోనివాటి పక్కన కారణం వారి మాటల్లోనే ఉండాలి. ఆ కాగితం నకలు నాకూ పంపు.

ఆశీస్సులతో,
మీ మామయ్య