దెబ్బ తిన్నాకే పిల్లిమొగ్గ

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ చదివాను. ఫైనల్ ఫాంటసీ అనే వీడియో గేమ్‌లోంచి తెచ్చుకున్న నీ టిఫా మూడో పేజీలో గాల్లోకి లేచింది. ఐదో పేజీ సగం దాటేదాకా కిందికి దిగలేదు. మధ్యలో "మెరుపు వేగంతో" వచ్చింది, "గాలిని చీల్చుకుంటూ" వచ్చింది, "కళ్లు మూసి తెరిచేలోగా" రెండుసార్లు వచ్చింది. ఇంతా చేసి ఒక్క తన్ను. అది తిన్నవాడు ఎవడయ్యా అంటే "షిన్రా సైనికుడు", ఆ ఆటలోని షిన్రా కంపెనీ మనిషి. వాడికి ముఖం లేదు, మాట లేదు, ఎందుకొచ్చాడో తెలీదు. పోనీ, అంత పెద్ద మొగ్గ వేయించావే, అప్పటిదాకా ఆ పిల్లకి ఒక్క దెబ్బైనా తగిలిందా? తలుపు తోసుకుని వచ్చింది, ఎగిరింది. నాకు ఒళ్లు మండింది. ఈ ఉత్తరం అందుకే.

ఒకటి బాగుంది. గొడవంతా అయ్యాక ఆమె సెవెంత్ హెవెన్ బార్ కౌంటర్ వెనక్కి వెళ్లి, చేతి తొడుగులు తియ్యకుండానే గ్లాసులు తుడుస్తుంది చూడు, అది. ఎవరు తీసెయ్యమన్నా తియ్యకు. ఇక తిట్లకి వస్తాను.

నువ్వు 2020లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ చూసి కలం పట్టినవాడివి. అందులో టిఫా కదిలితే ఎవరికైనా కళ్లు చెదురుతాయి. షిన్రా భవనం లాబీలో పైనుంచి వేలాడే దీపాలు పట్టుకుని ఊగుతూ దాటేస్తుంది. కంటికి కనిపించింది కనిపించినట్టు రాసేద్దామనుకున్నావు. నేను 1997 నాటి అసలు ఆట మనిషిని. అందులో మనుషులంటే నాలుగు పలకల ముక్కలు, అంతే. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి ఆ ఆట తయారుచేసినవాళ్లు బరువంతా నియమం మీద పెట్టారు. నా గోల మొత్తం ఆ నియమం గురించే.

అందులో లిమిట్ అని ఒక గీత ఉంటుంది. శత్రువు మనల్ని కొట్టినప్పుడల్లా కొంచెం కొంచెం నిండుతుంది. మనం వాణ్ణి ఎంత కొట్టినా నిండదు. తిన్న దెబ్బలతో ఆ గీత నిండితేనే పెద్ద విద్య చేతికొస్తుంది. అది కూడా ఒక వరసలో వస్తుంది. టిఫాకి మొదట ఉన్నది బీట్ రష్, అంటే ఉత్త గుద్దులు. దాన్ని పలుమార్లు వాడాకే సోమర్‌సాల్ట్, నువ్వు రెండున్నర పేజీలు రాసిన ఆ పిల్లిమొగ్గ తన్ను. తర్వాత నేలబారున కాళ్లు ఊడ్చే వాటర్‌కిక్, ఎత్తి వెనక్కి పడేసే మెటియోడ్రైవ్, డాల్ఫిన్ బ్లో, మెటియోర్ స్ట్రైక్, చిట్టచివర ఫైనల్ హెవెన్. మొత్తం ఏడు.

ఇక్కడ అసలు సంగతి విను. మిగతా పాత్రలు తమకొచ్చిన విద్యల్లోంచి ఒకటి తీసి వాడతారు. టిఫా అలా కాదు. ఆమెకి ఏడూ వచ్చాయంటే, చివరిదానికి వెళ్లాలన్నా ప్రతిసారీ మొదటి గుద్దు నుంచే మొదలుపెట్టాలి. ఒక్కో విద్యకి జూదపు యంత్రంలో చక్రం లాంటి రీలు ఒక్కోటి తెరమీద తిరుగుతుంది, మనం ఆపాలి. "యే" దగ్గర ఆగితే గట్టి దెబ్బ, "హిట్" అయితే మామూలు దెబ్బ, "మిస్" అయితే అది పోయినట్టే. పోతే పోయింది, తర్వాతిది అందుకుంటుంది. పాఠం అప్పగించే పిల్ల మధ్యలో ఒక పద్యం తప్పినా ఆగకుండా చివరిదాకా వెళ్లినట్టు. ఆమె ఎలాంటి మనిషో చెప్పడానికి ఆ రీళ్లు చాలు. డైలాగు అక్కర్లేదు. నీ కథలో ఆమె "నేను ఎప్పటికీ ఓడిపోను" అని అరిచింది. ఎందుకు అరిచింది?

ఇది ఒక్క ఆటలో కుదిరిన యాదృచ్ఛికం అనుకోకు. ఇదే వరసలో 1994 నాటి ఆరో భాగంలో సేబిన్ ఉన్నాడు. రాజుగారి కొడుకు. నాణెం ఎగరేసి సింహాసనం సంగతి తేల్చుకుని, రాజ్యం అన్న ఎడ్గర్‌కి వదిలేసి, డంకన్ అనే గురువు దగ్గర చేరినవాడు. ఆ గురువు కొడుకు వార్గస్ కోల్ట్స్ కొండమీద ఎదురుతిరుగుతాడు. మిగతావాళ్లని గాలికి కొట్టుకుపోయేలా చేసి సేబిన్‌ని ఒంటరిగా నిలబెడతాడు. అక్కడ మామూలు దెబ్బలతో పని జరగదు. బ్లిట్జ్ అనే సేబిన్ సొంత విద్య ఎంచుకుని ఎడమ, కుడి, ఎడమ మీటలు నొక్కాలి. మొదటిసారి ఆడేవాడికి వేళ్లు తడబడతాయి. ఆ తడబాటు శిష్యుడిది, మనది కాదు. అదే సేబిన్ పదో లెవెల్ చేరేసరికి సప్లెక్స్ అనే ఎత్తి పడేసే పట్టు నేర్చుకుంటాడు, దాంతో దయ్యాల రైలుని ఎత్తి తలకిందులుగా పడేస్తాడు. రైలుని! ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఆట ఆడినవాళ్లు అది చెప్పుకుని నవ్వుతారు. నవ్వుతారు గానీ, ఒప్పుకుంటారు. ఆ రైలు వెనక తరుముతుంటే పట్టాల మీద పరిగెత్తింది మనమే కదా. ఖరీదు ముందే కట్టినవాడు రైలు ఎత్తినా చెల్లుతుంది. కట్టనివాడు గ్లాసు ఎత్తినా నమ్మం.

1999లో ఎనిమిదో భాగం వచ్చింది, అందులో జెల్. క్యాంటీన్‌లో హాట్‌డాగ్‌లు అయిపోతాయేమోనని పరిగెత్తే కుర్రాడు, నోరు ఆగదు, కాలు ఆగదు. వాడి విద్యకి పెట్టిన నియమం ఏమిటి? గడియారం. కొన్ని సెకన్లు ఇస్తారు, అవి అయిపోయేలోగా మీటలు ఎన్ని వరసలు కలిపి నొక్కగలిగితే అన్ని దెబ్బలు. తొందరపాటు మనిషికి తొందరపాటు విద్య. అది కూడా మామూలుగా ప్రాణం అడుగంటినప్పుడే దొరుకుతుంది.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ దెబ్బ నేనూ తిన్నాను. విజయవాడలో డీటీపీ సెంటర్‌లో పనిచేసే రోజుల్లో, పగలంతా పెళ్లిపత్రికలు కొట్టి, ఓనరు ఇంటికెళ్లాక అదే కంప్యూటర్ మీద రాత్రిళ్లు ఈ టిఫా ఆట ఆడేవాణ్ణి. ఆ వేడిలోనే కర్రసాము నేర్చుకునే కుర్రాడి మీద ఒక కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. వాడు గురువు చేతిలో, తోటివాళ్ల చేతిలో దెబ్బలు తింటూనే ఉంటాడు. చివర్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కర్ర ఊని ఎగురుతాడు. కథ అచ్చయింది. దెబ్బలు తిన్న భాగమంతా ఎగిరిపోయింది, ఎగిరిన భాగం మిగిలింది. ఎడిటర్‌ గారిని అడిగితే "చోటు చాల్లేదండీ" అన్నారు. ఎగిరే కుర్రాడి బొమ్మకి మాత్రం అరపేజీ దొరికింది! ఆ తర్వాత ఇంకో పత్రికాయనకి ఇలాంటి ఆటల మీద వ్యాసం రాస్తానంటే "పిల్లల పేజీకి పంపండి, కుదించి" అన్నాడు. మనిషి వెళ్లిపోయాడు, ఏమీ అనకూడదు, అయినా అంటున్నాను.

ఇప్పటి ఫ్యాషన్ ఇంకో రకం. కథలో ఎవరూ ఎవర్నీ కొట్టకూడదు, కిటికీ దగ్గర కూర్చుని వాన చూడాలి, చివరికి కాఫీ చల్లారాలి. బహుమతులన్నీ ఆ చల్లారిన కాఫీలకే పోతున్నాయి. నీ కథలో కొట్లాట ఉన్నందుకైనా నిన్ను మెచ్చుకోవాలేమో. అయినా మెచ్చుకోను, ఎందుకంటే నీ కొట్లాటలో ఎవరికీ నొప్పి లేదు.

ఫైనల్ హెవెన్ సంగతి కూడా తేల్చుకుందాం. నీ కథ మొదటి కొట్లాటలోనే ఆ పేరు పెట్టి దాన్ని వాడించేశావు. అది ఎక్కడ దొరుకుతుందో తెలుసా? యుద్ధంలో కాదు, పియానో దగ్గర. టిఫా సొంతూరు నిబెల్‌హైమ్‌ని ఆ ఆటలో విలన్ సెఫిరోత్ తగలబెట్టాడు. తండ్రి శవం పక్కన పడున్న వాడి కత్తే అందుకుని టిఫా వాడిమీదికి వెళ్లింది. వాడు అదే కత్తితో ఆమెని నరికాడు. ఊరూరా తిరిగి పిల్లలకి విద్య నేర్పే జాంగన్ మాస్టారు ఆమెని మోసుకుని మిడ్‌గర్ నగరం చేర్చాడు. కాలిపోయిన ఊరిని షిన్రా కంపెనీ ఉన్నదున్నట్టు మళ్లీ కట్టించి, ఏమీ జరగనట్టు కొత్త మనుషుల్ని తెచ్చి పెట్టింది. ఆ దొంగ ఊళ్లో, ఆమె గదిలో ఉన్న పియానో మీద, ఆ ఆటకి సంగీతం చేసిన నొబువో ఉఎమత్సు ఆమెకి కట్టిన బాణీని మనమే మీటలతో వాయించాలి. అప్పుడు బయటపడుతుంది, మాస్టారి ఉత్తరంతో పాటు ఆ విద్య. ఇంతా అయ్యాక అది చూస్తే ఏముంటుంది? మొగ్గలుండవు. ఎగరదు. నిలబడి, పిడికిట్లోకి బలం తెచ్చుకుని, ఒక్క గుద్దు గుద్దుతుంది. మొదట గుద్దులతో మొదలైన విద్య చివర గుద్దు దగ్గరికే వచ్చింది. నువ్వు దాన్ని "ఆకాశంలో అగ్నిచక్రంలా తిరుగుతూ" అని రాశావు. ఆట చూసి రాశావా, ట్రైలర్ చూసి రాశావా?

చెయ్యాల్సింది చెబుతాను. ఆ మొగ్గని ఒక్క వాక్యంలో రాయి. విశేషణం వెయ్యకు. మిగిలిన రెండున్నర పేజీల్లో సైనికుడు ఆమెని కొట్టనీ. ఏ చేత్తో కొట్టాడు, ఎక్కడ తగిలింది, ఏ కాలు తూలింది, బార్‌లో ఎవరెవరు లేచి బయటికి పోయారు, ఎవరు కూర్చునే ఉన్నారు, అవి రాయి. ఒక దెబ్బ ఆమె తప్పాలి, అంటే గురి తప్పి బల్లకి తగలాలి. ఆ సైనికుడికి బూట్లు బిగుతుగా ఉన్నాయో, జీతం రాలేదో, ఏదో ఒకటి ఉండనీ. అప్పటికీ మొగ్గ అవసరం అనిపిస్తే ఉంచు. అనిపించకపోతే గ్లాసులు తుడిచే చోటికి నేరుగా వెళ్లిపో.

ఇంకొకరి పాత్రలు తీసుకుని రాస్తే సాహిత్యమవుతుందా అని అడిగావు. మన హరికథలవాళ్లని అడుగు, వాళ్లు రాముణ్ణి ఎవర్నడిగి తెచ్చుకున్నారో చెబుతారు. పోటీకి పంపొచ్చా, ఎవరికి పంపాలి, ఎంత ఇస్తారు, ఇలాంటివి నన్ను అడక్కు. ఇంకా ఏవో అడిగావు, ఆ కాగితం ఎక్కడో పెట్టాను.

తిరగరాసింది సంక్రాంతి వెళ్లాక పంపు. పండక్కి ఇల్లంతా జనం, చదవడం కుదరదు. ఫోనులో కొట్టి స్క్రీన్‌షాట్లు పెట్టకు. పేజీ నంబర్లు వెయ్యి.

అన్నయ్య