నాటిక రాస్తున్న మనవరాలికి

శ్రీకాకుళం

చిరంజీవి సుజాతకు తాతయ్య ఆశీస్సులు.

చీపురుపల్లి బడిలో పిల్లలచేత వేయించబోయే నాటిక ప్రతిని రెండుసార్లు చదివాను. జపాను ఆక్రమణలో ఉన్న బర్మాలో గాయపడిన సైనికుణ్ణి అక్కడి కరెన్ తెగవారి పల్లె ఒకటి దాచిన కథను ఎంచుకున్నందుకు ఎంతో సంతోషించాను. అయితే అమ్మా, సైనికుడు మాట్లాడినంతగా ఆ ఇంటివాళ్ళు మాట్లాడడం లేదు. కథను వాళ్ళ పొయ్యి దగ్గరనుంచి మొదలుపెట్టు.

నలుగురికే చాలీచాలని ఇంట్లో అయిదో మనిషికి గంజి ఎక్కడినుంచి వచ్చింది, రాత్రివేళ అతడు నొప్పితో మూలిగితే పక్కింటికి వినబడకుండా ఆ ఇల్లాలు ఏం చేసింది, ఊహ తెలియని పిల్లవాడు వీధిలో నోరు జారకుండా ఎలా కాచుకున్నారు అన్నవన్నీ రంగస్థలం మీద కనబడాలి. గాయానికి కట్టిన గుడ్డలను ఉతికి పెరటి దండెం మీద ఆరవేస్తే ఊరంతటికీ తెలిసిపోతుంది కదా. ఆమె వాటిని పొయ్యిమీద పొగలోనే, ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకొని ఆరబెడుతున్నట్టు చూపించు. అక్కడ సంభాషణ అక్కరలేదు.

చివర పల్లె అంతా క్షేమంగా ఉన్నట్టు రాశావు, అది మార్చు. 1942లో బ్రిటిష్ సేన వెనుదిరిగాక కరెన్ కొండల్లోనే ఉండిపోయిన మేజర్ హ్యూ సీగ్రిమ్ కోసం జపాను సైనికులు పల్లెవాసులను చిత్రహింసలు పెట్టగా, వాళ్ళను కాపాడడానికి అతడు 1944 మార్చిలో లొంగిపోయాడు. ఆ సెప్టెంబరులో రంగూన్‌లో అతనితోపాటు కొందరు కరెన్ సహచరులనూ చంపేశారు. గాయపడినవారికి ఉపచారం చేసినందుకు ఎవరినీ వేధించరాదని, శిక్షించరాదని చెప్పే జెనీవా ఒప్పందపు 18వ అధికరణం 1949లో వచ్చింది. దాన్ని నీ పాత్రలచేత పలికించకు.

రంగూన్ రేవులో కూలిచేసిన మా నాన్నగారు 1942లో కాలినడకన తిరిగివస్తూ, పాదం పుండై దారిలో పడిపోతే, ఒక కొండపల్లెలో ముసలావిడ రెండు రాత్రులు తన ఇంట ఉంచుకొని గంజి పోసిందట. ఆయన సైనికుడు కాదు, ఆమె భాష ఆయనకు రాదు. బతికినన్నాళ్ళూ భోజనానికి కూర్చోగానే మొదటి ముద్ద పక్కన పెట్టేవారు. ఎవరికని అడిగితే, “ఆయమ్మకి” అనేవారు. పేరు తెలుసుకోలేకపోయానని చివరిదాకా బాధపడ్డారు.

నీ ప్రతిలో ఆ ఇల్లాలిని ‘మొదటి స్త్రీ’ అని రాశావు. ఆమెకొక పేరు పెట్టి, దసరా సెలవులకు వచ్చేటప్పుడు ప్రతిని తీసుకురా తల్లీ.

ఇట్లు,
మీ తాతయ్య